సెంటర్‌లో రెండేళ్లు: ఉస్తాద్ పోస్టింగ్ జవాను ప్రమోషన్‌ను ఎలా మారుస్తుంది

హవల్దార్‌కు ట్రైనింగ్ సెంటర్‌లోనో, ఆర్మీ శిక్షణ స్కూల్లోనో ఇన్‌స్ట్రక్టర్‌గా, జవాన్ల మాటల్లో ఉస్తాద్‌గా, చేరమని ఆర్డర్ వస్తే ఇంట్లో పండగే. గోల్కొండ ఆర్టిలరీ సెంటరైనా, సికింద్రాబాద్ ఈఎంఈ (సైన్యం వాహనాలు, యంత్రాల మరమ్మతులు చూసే కోర్) సెంటరైనా పీస్ స్టేషన్, అంటే కుటుంబంతో ఉండగల చోటు. క్వార్టర్ దొరుకుతుంది, పిల్లల్ని ఆర్మీ పబ్లిక్ స్కూల్లో వేయొచ్చు, రాత్రి ఇంటి భోజనం ఉంటుంది. యూనిట్‌లో తోటివాళ్లు మాత్రం ఆ ఆర్డర్‌ను ఇంకోలా చూస్తారు. "రెండు మూడేళ్లు బయట ఉండి వస్తాడు, అప్పటికి వరసలో ఎవరెక్కడుంటారో" అని. ఇద్దరి లెక్కా తప్పు కాదు. మంచో చెడో తేల్చేది ఆర్డర్‌లో రాసిన ఊరి పేరు కన్నా దాని మీదున్న తేదీ. ఆ రెండు మూడేళ్లలో ఆ మనిషి ఫైల్లో ఏం పడాల్సి ఉంది, ఏం పడకుండా పోతుంది అన్నది చూడాలి.

భారత సైన్యంలో జవానుకు అసలైన మలుపు హవల్దార్ నుంచి నాయబ్ సుబేదార్ అయ్యే దగ్గర ఉంటుంది. అక్కడితో అతను జేసీఓ, అంటే జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్. జవాన్లు 'సాబ్' అని పిలవడం మొదలుపెడతారు, మెస్ మారుతుంది, చేతికి ప్లాటూన్ వస్తుంది. అంతకన్నా ముఖ్యం సర్వీసు కాలం. హవల్దార్‌గానే ఉండిపోతే 24 ఏళ్లు, ఎక్స్‌టెన్షన్ వస్తే 26. నాయబ్ సుబేదార్ అయితే 26, ఎక్స్‌టెన్షన్‌తో 28. సుబేదార్‌కు 28, 30. సుబేదార్ మేజర్ దాకా వెళ్లినవాళ్లకు 32, 34. వీటికి తోడు ప్రతి ర్యాంకుకూ వయసు పరిమితి ఉంటుంది. పందొమ్మిదేళ్లకు భర్తీ అయినవాడు హవల్దార్‌గా దిగిపోతే నలభై మూడు, నలభై ఐదేళ్లకు ఇంటికొస్తాడు. పెద్దపిల్ల ఇంజినీరింగ్‌లో చేరే వయసు, చిన్నోడు పదో తరగతి. అప్పుడు ఏ బ్యాంకు ముందో సెక్యూరిటీ గార్డు ఉద్యోగం వెతుక్కోవాలి. ప్రమోషన్ గురించి జవాను ఇంట్లో అంత టెన్షన్ ఎందుకంటే ఇదే.

ప్రమోషన్ రాకపోయినా జీతం పెరిగే ఏర్పాటు ఉంది. ఎంఏసీపీ అనే ఆ పథకం కింద 8, 16, 24 ఏళ్ల సర్వీసు దగ్గర ఒక్కో పే లెవెల్ పైకి జరుపుతారు. ఏడో వేతన సంఘం లెక్కలో హవల్దార్ లెవెల్-5 మూల వేతనం 29,200 నుంచి, నాయబ్ సుబేదార్ లెవెల్-6 35,400 నుంచి మొదలవుతాయి. ఎంఏసీపీతో ఆ తేడా కొంత పూడుతుంది. అయితే దానివల్ల భుజం మీద గుర్తు మారదు, సర్వీసులో ఒక్క నెల కూడా కలవదు. డబ్బు వచ్చేసింది కదా, ఇక ర్యాంకుతో పనేముంది అని కొందరు ధీమాగా ఉండిపోతారు. డిశ్చార్జి తేదీ దగ్గరపడ్డాక గానీ ఆ తేడా తెలియదు.

ఆ మలుపు దాటడానికి కావలసినవి చాలానే. సీనియారిటీ రావాలి, ప్రమోషన్ కేడర్ అనే కోర్సు పాసవ్వాలి, చదువు సర్టిఫికెట్లు, మ్యాప్ రీడింగ్ ఉండాలి, మెడికల్ కేటగిరీ షేప్-వన్ (పూర్తి ఫిట్‌నెస్) ఉండాలి, కాండక్ట్ షీట్‌లో రెడ్ ఇంక్ ఎంట్రీలు, అంటే పెద్ద శిక్షల నమోదులు, అడ్డుపడకూడదు. ఇవన్నీ దాటినవాళ్లను వేరుచేసేది ఏసీఆర్, అంటే ఏటా రాసే కాన్ఫిడెన్షియల్ రిపోర్టు. జేసీఓ ప్రమోషన్‌కు ప్రధానంగా చివరి ఐదు రిపోర్టులు చూస్తారు. గ్రేడింగులు నిర్ణీత స్థాయిలో ఉండాలి. దానితోపాటు వాటిలో కొన్ని రెజిమెంటల్ డ్యూటీలో, అంటే సొంత యూనిట్‌లో పనిచేస్తూ, సంపాదించినవై ఉండాలన్న షరతు ఉంది. ఇన్‌స్ట్రక్టర్ పోస్టింగ్‌కు విలువ వచ్చేది ఇక్కడే. ఆర్మీ శిక్షణ స్కూళ్లలో, డెహ్రాడూన్ ఐఎంఏ, ఖడక్‌వాస్లా ఎన్‌డీఏ లాంటి ఆఫీసర్ల శిక్షణ అకాడమీల్లో ఇన్‌స్ట్రక్టర్‌గా వచ్చిన రిపోర్టును రెజిమెంటల్ డ్యూటీ రిపోర్టుతో సమానంగా లెక్కిస్తారు. ఇన్‌స్ట్రక్టర్ పనీ, హెడ్‌క్వార్టర్స్ పనీ రెండూ యూనిట్ బయటి పోస్టింగులే, సైన్యం మాటల్లో ఈఆర్‌ఈ (ఎక్స్‌ట్రా రెజిమెంటల్ ఎంప్లాయ్‌మెంట్). అయినా ఏదో హెడ్‌క్వార్టర్స్‌లో కుర్చీ పనికి వెళ్లినవాడి రిపోర్టుకు ఈ సౌకర్యం ఉండదు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒకే ఏడాది భర్తీ అయి, ఒకే పల్టన్‌లో (బెటాలియన్‌లో) హవల్దార్లయిన ఇద్దరున్నారు. పద్దెనిమిదో ఏట నాయబ్ సుబేదార్ ఖాళీ వస్తుందని అంచనా. మొదటివాడు పన్నెండో ఏట సెంటర్‌కు వెళ్లి పద్నాలుగో ఏట తిరిగొచ్చాడు. చివరి ఐదు రిపోర్టుల్లో ఉస్తాద్‌గా వచ్చినది ఒకటి, మిగతావి పల్టన్‌లోవి. ఈలోగా కేడర్ చేశాడు, ప్లాటూన్ హవల్దార్‌గా ఫీల్డ్‌లో పనిచేశాడు, కమాండింగ్ ఆఫీసర్ (సీఓ) కళ్లముందే ఉన్నాడు. రెండోవాడు పదహారో ఏట వెళ్లాడు. పల్టన్‌లో కేడర్ నడిచే సమయానికి సెంటర్‌లో కొత్త బ్యాచ్ మొదలైంది, రిలీఫ్ దొరకలేదు. పదిహేడో ఏట రిక్రూట్లతో పరిగెత్తుతూ మోకాలు చెడగొట్టుకున్నాడు, మెడికల్ కేటగిరీ తాత్కాలికంగా పడిపోయింది. ఖాళీ వచ్చిన రోజుకు అతని రిపోర్టులు బాగానే ఉన్నాయి. కేడర్ లేదు, షేప్-వన్ లేదు. ఇద్దరూ చేసింది ఒకే డ్యూటీ. ఉస్తాద్ పని రెండోవాడికి చేటు చేయలేదు, దాన్ని చేసిన సమయం చేసింది.

ఇన్‌ఫాంట్రీలో ఇది ఇంకాస్త తీవ్రం, ఎందుకంటే అక్కడ వరస చాలా వరకు పల్టన్ లోపలి లెక్క. ఈఎంఈ లాంటి కోర్లలో రికార్డ్స్ ఆఫీసు మొత్తం కోర్‌కు కలిపి ట్రేడుల వారీగా రోస్టర్ నడుపుతుంది. ఈఎంఈ రికార్డ్స్ సికింద్రాబాద్‌లోనే ఉంది. అక్కడివాడు ఏ వర్క్‌షాపులో ఉన్నా, ఏ స్కూల్లో ఉన్నా జాబితాలో చోటు పెద్దగా కదలదు. టెక్నికల్ ట్రేడ్ జవాన్లు ఇన్‌స్ట్రక్టర్ పోస్టింగ్‌కు అంతగా జంకకపోవడానికి ఇదొక కారణం.

అసలు ఆ ఆర్డర్ ఎవరికి వస్తుంది? సిద్ధాంత ప్రకారం అందరికీ రాదు. మహూలోని ఇన్‌ఫాంట్రీ స్కూల్లోనో, దేవలాలీ ఆర్టిలరీ స్కూల్లోనో కోర్సు చేసినవాళ్లలో బాగా చేసినవాళ్ల గ్రేడింగ్ పక్కన 'ఐ' అక్షరం పడుతుంది. ఇతను పాఠం చెప్పగలడు అని దానర్థం. ఒకసారి పడితే అది రికార్డులో ఉండిపోతుంది. చాలామంది విషయంలో ప్రమోషన్‌కు అసలు పునాది ఆ అక్షరమే, పోస్టింగ్ దాని తర్వాత వచ్చే ఫలితం. ఇన్‌స్ట్రక్టర్లకు ప్రమోషన్లు ఎక్కువ వస్తాయని ఎవరైనా అంటే దాన్ని సగం నమ్మాలి. ముందే ఏరిన మంచివాళ్లను అక్కడికి పంపుతారు కాబట్టి, అక్కడికి వెళ్లకపోయినా వాళ్లలో చాలామంది పైకి వచ్చేవాళ్లే.

మిగతా సగం అక్కడి పనిలో ఉంది. గోల్కొండలో వేసవి పొద్దున, ఎండ ఎక్కకముందే డ్రిల్ గ్రౌండ్ నిండిపోతుంది. ఒక స్క్వాడ్‌లో రాయలసీమ కుర్రాడు, పక్కన బీహార్ కుర్రాడు, ఆ పక్కన పంజాబీ. సగం మందికి హిందీ ఆజ్ఞలు చెవికెక్కడానికే రెండు వారాలు పడుతుంది. 'బాయే ముడ్' అంటే కుడివైపు తిరిగినవాణ్ని ఉస్తాద్ తిట్టడు. పక్కకు పిలిచి, వాడి ఎడమ బూటు మీద తన కర్రతో మెల్లగా తట్టి, మళ్లీ వరసలోకి పంపుతాడు. పది నిమిషాల తర్వాత అదే పొరపాటు చేస్తే స్క్వాడ్ మొత్తం గ్రౌండ్ చుట్టూ పరుగు. సాయంత్రం ఆయుధ పాఠం. రైఫిల్‌ను విప్పి, కాన్వాస్ మీద వరసగా పేర్చి, ఒక్కో భాగం పేరు చెబుతూ మళ్లీ బిగించాలి. తనకు కళ్లు మూసుకుని వచ్చిన పనిని ఇంకొకడి చేతికి వచ్చేలా ముక్కలు చేసి చెప్పడం వేరే విద్య. ఆ విద్య అబ్బినవాడు నాయబ్ సుబేదార్‌గా ప్లాటూన్ ముందు నిలబడిన మొదటి రోజు తడబడడు. మాట నిలకడ, హిందీ ధాటి, ముప్పై నలభై మంది మీద ఒకేసారి కన్నేసి ఉంచే అలవాటు ఏ కేడర్ కోర్సులోనూ అంత బాగా రావు.

అలాంటివాడి రిపోర్టు కూడా అదరాలి కదా? అక్కడొక చిక్కు. పల్టన్‌లో మంచి హవల్దార్ ఎవరో సీఓకు తెలుసు. నాయక్‌గా ఉన్నప్పటి నుంచి చూశాడు, ఏ పెట్రోలింగ్‌లో ఎలా నిలబడ్డాడో విన్నాడు. సెంటర్‌లో రిపోర్టు రాసే ఆఫీసర్‌కు ఇతను కొత్త. పైగా చుట్టూ ఉన్నవాళ్లందరూ తమ తమ పల్టన్ల నుంచి ఏరి తెచ్చినవాళ్లే. అక్కడ పదిమందిలో ఒకడిగా కనిపించడం తేలిక, మొదటివాడిగా కనిపించడం కష్టం. పల్టన్‌లో 'అబౌ ఏవరేజ్' తేలిగ్గా వచ్చే మనిషికి స్కూల్లో ఒక మెట్టు కిందిదైన 'హై ఏవరేజ్' పడితే అది పని లోపం కాకపోవచ్చు, పోల్చిన గుంపు మారడం కావచ్చు. ఐదేళ్ల తర్వాత ప్రమోషన్ బోర్డు ముందు ఆ తేడాను వివరించడానికి ఎవరూ ఉండరు, ఆ గ్రేడింగ్ ఒక్కటే ఉంటుంది.

రాసేవాడి మనసులో ఈ రిపోర్టు ఇతనికి ఎంత అవసరమన్న ఆలోచన ఉందా లేదా అన్నది కూడా తేడా తెస్తుంది. 2021లో లెఫ్టినెంట్ కల్నల్ నితీషా కేసులో సుప్రీంకోర్టు మహిళా అధికారుల గురించి సరిగ్గా ఇలాంటి మాటే అంది. పర్మినెంట్ కమిషన్ వాళ్లకు ఎటూ లేదన్న భావనతో వాళ్ల ఏసీఆర్‌లు శ్రద్ధ లేకుండా రాశారని, తర్వాత అవే రిపోర్టులతో వాళ్లను తూచడం అన్యాయమని. ఆ కేసుకూ ఉస్తాద్‌లకూ నేరుగా సంబంధం లేదు. రిపోర్టు అనేది రాసినప్పటి ఉద్దేశంతో పుట్టి, చదివినప్పటి అవసరానికి వాడుకలోకి వస్తుందన్న సంగతి మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఇన్‌స్ట్రక్టర్ పోస్టులన్నీ ఒకే తూకం కావు. తెలుగు రాష్ట్రాల్లో కాలేజీ చదివినవాళ్లకు బాగా తెలిసిన ఉస్తాద్ ఎన్‌సీసీ పీఐ స్టాఫ్. ఆదివారం పొద్దున కాలేజీ గ్రౌండ్‌లో కేడెట్లకు పరేడ్ నేర్పే హవల్దార్ సైన్యం నుంచి ఈఆర్‌ఈ మీద వచ్చినవాడే. సొంత రాష్ట్రానికి దగ్గరగా, పండగలకు ఊళ్లో ఉండేలా ఇది బాగా కుదురుతుంది. ఎక్కువమంది ఇంటి కోసం కోరుకునే పోస్టింగ్ ఇది, కెరీర్ కోసం కాదు. మిజోరంలోని వైరెంగ్టే కౌంటర్ ఇన్సర్జెన్సీ స్కూల్లోనో, గుల్మార్గ్ హై ఆల్టిట్యూడ్ స్కూల్లోనో పనిచేసిన ఉస్తాద్‌కు యూనిట్‌లో దక్కే గౌరవం వేరు. అక్కడ నేర్పేది రేపు ప్రాణాలు కాపాడే పని అని అందరికీ తెలుసు.

జీవితమంతా నేర్పడమే పనిగా ఉన్నవాళ్లూ ఉన్నారు. ఆర్మీ ఫిజికల్ ట్రైనింగ్ కోర్‌లో చేరిన పీటీ ఉస్తాద్‌కు, ఎడ్యుకేషన్ కోర్ హవల్దార్‌కు ఇన్‌స్ట్రక్టర్ పని పక్కదారి కాదు, అదే దారి. వాళ్ల సీనియారిటీ, ప్రమోషన్ వాళ్ల కోర్‌లోనే. పైన చెప్పిన తేదీల చిక్కు వాళ్లకు దాదాపు లేదు. అయితే చిన్న కోర్ కాబట్టి పైన ఖాళీలూ తక్కువే.

డబ్బు సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. పీస్ స్టేషన్‌కు వచ్చినవాడికి ఫీల్డ్ అలవెన్సులు పోతాయి. 2017లో పెంచినప్పుడు సియాచిన్ అలవెన్సు జవాన్లకు, జేసీఓలకు నెలకు 30,000 అయింది. అక్కడి నుంచి నేరుగా సెంటర్‌కు వచ్చిన హవల్దార్ ఇంట్లో మొదటి రెండు నెలలు ఈ లెక్క గురించే మాట నడుస్తుంది.

ఉస్తాద్ ఉద్యోగంలో ఇంకో ప్రమాదం ఉంది, దీని గురించి సైన్యంలో బయటికి తక్కువ మాట్లాడతారు. రిక్రూట్ మీద చేయి చేసుకోవడం, ఎండలో హద్దు దాటి పరిగెత్తించడం, డబ్బు అడగడం లాంటివి ఎక్కడైనా నేరాలే. సెంటర్‌లో మాత్రం చేతికింద ఉన్నది పద్దెనిమిదేళ్ల పిల్లలు, వాళ్ల వెనక ఫోన్లు చేసే తల్లిదండ్రులు. యూనిట్‌లో అయితే నలుగురిలో సర్దుకుపోయే కోపం ఇక్కడ కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ దాకా వెళ్తుంది. పదిహేనేళ్ల మంచి రికార్డు ఒక్క మధ్యాహ్నంలో పోవచ్చు. అమెరికా మెరైన్ కోర్ అనుభవం ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. అక్కడ డ్రిల్ ఇన్‌స్ట్రక్టర్ డ్యూటీని స్పెషల్ డ్యూటీగా గుర్తిస్తారు, సరిగ్గా పూర్తిచేసినవాళ్లకు ప్రమోషన్ బోర్డుల్లో దానికి మంచి పేరే ఉంటుంది. 2016లో పారిస్ ఐలాండ్ శిక్షణ కేంద్రంలో ఒక రిక్రూట్ చనిపోయాక జరిగిన విచారణలో అదే డ్యూటీలో ఉన్న గన్నరీ సార్జెంట్‌కు 2017లో కోర్ట్ మార్షల్ పదేళ్ల జైలు శిక్ష వేసింది. రిక్రూట్లను హింసించిన నేరాలకు పడిన శిక్ష అది. అంతకు ముందు అతనిది ఇరాక్‌లో పనిచేసిన అనుభవం ఉన్న మెరైన్ కెరీర్.

ఆఫీసర్ల లెక్క వేరు. 2004 చివర్లో అమలైన ఏ.వి. సింగ్ కమిటీ సిఫార్సుల తర్వాత ఆరేళ్లకు మేజర్, పదమూడేళ్లకు లెఫ్టినెంట్ కల్నల్ ర్యాంకు సర్వీసును బట్టి వస్తున్నాయి. అసలు జల్లెడ కల్నల్ దగ్గర, నంబర్ త్రీ సెలక్షన్ బోర్డులో. 2009 నుంచి ఆ బోర్డులో 95 మార్కులు రికార్డు ఆధారంగా, 5 మార్కులు బోర్డు సభ్యుల విలువ నిర్ణయంతో ఇస్తున్నారు. 95లో సింహభాగం రిపోర్టులదే. వాటిలోనూ కంపెనీ, బ్యాటరీ, స్క్వాడ్రన్ కమాండ్ లాంటి క్రైటీరియా అపాయింట్‌మెంట్‌లో, అంటే ప్రమోషన్‌కు తప్పనిసరిగా చేయాల్సిన బాధ్యతలో, వచ్చినవి కీలకం. ఐఎంఏలో ప్లాటూన్ కమాండర్‌గానో, ఎన్‌డీఏలో డివిజనల్ ఆఫీసర్‌గానో రెండేళ్లు ఉండటం గౌరవం. అక్కడ వేసిన ముద్ర ఎంతకాలం ఉంటుందో కేడెట్లను అడిగితే చెబుతారు. అయితే అది క్రైటీరియా కమాండ్‌కు బదులు కాదు. దాన్ని ముగించుకుని వెళ్లినవాడికి అకాడమీ మెరుగు, వాయిదా వేసి వెళ్లినవాడికి బోర్డు ముందు లోటు. కల్నల్ అయి యూనిట్ కమాండ్ చేశాక తమిళనాడులోని వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీలో డైరెక్టింగ్ స్టాఫ్‌గా (ఆఫీసర్లకు పాఠం చెప్పేవాడిగా) వెళ్తే అది పైకి వెళ్లేవాళ్ల గుర్తుగా చూస్తారు. హవల్దార్‌కు వర్తించిన సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది, అంకెలే మారతాయి.

వైమానిక దళంలో ఈ ఇబ్బంది ఇంకో రూపంలో కనిపిస్తుంది. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో పిలాటస్ విమానం మీద మొదటిసారి ఎగిరే కేడెట్ వెనక సీట్లో కూర్చునే ఇన్‌స్ట్రక్టర్ తాంబరంలోని ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్స్ స్కూల్లో అర్హత పొందినవాడై ఉండాలి. ఫైటర్ పైలట్‌కు అది అర్హతే, అదే సమయంలో స్క్వాడ్రన్‌కు, కొత్త విమానానికి దూరమయ్యే కాలం కూడా. మంచివాణ్ని ముందు వరసలో ఉంచాలా, నేర్పడానికి పంపాలా అన్న ప్రశ్నకు చరిత్రలో ఒక కఠినమైన జవాబు ఉంది. 1942-43 చలికాలంలో స్టాలిన్‌గ్రాడ్‌కు సరుకు చేరవేయడానికి జర్మనీ తన శిక్షణ స్కూళ్ల నుంచి విమానాలనూ ఇన్‌స్ట్రక్టర్లనూ లాగేసింది. వాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. ఆ తర్వాత కొత్త పైలట్లకు దొరికే శిక్షణ గంటలు యుద్ధం ముగిసేదాకా కోలుకోలేదు. ఉస్తాద్‌ను పంపితే యూనిట్‌కు నొప్పి ఇవాళే తెలుస్తుంది, పంపకపోతే దేశానికి రెండేళ్ల తర్వాత తెలుస్తుంది. ఈ తేడా వల్లే ఏ సైన్యమైనా ఇన్‌స్ట్రక్టర్ పోస్టింగ్‌ను ప్రమోషన్ నియమాల్లో ఎక్కడో ఒకచోట కట్టిపడేస్తుంది. లేకపోతే మంచివాళ్లు వెళ్లరు, పంపేవాళ్లూ పంపరు.

2022 జూన్‌లో వచ్చిన అగ్నిపథ్ ఈ లెక్కను మళ్లీ కదిలించింది. అగ్నివీర్ సర్వీసు శిక్షణతో కలిపి నాలుగేళ్లు. చివర్లో 25 శాతం దాకా రెగ్యులర్ సర్వీసులోకి తీసుకుంటారు. మొదటి బ్యాచ్‌లు 2023 మొదట్లో సెంటర్లకు చేరాయి. శిక్షణ కాలం కుదించడంతో ఒక బ్యాచ్ వెళ్లగానే ఇంకొకటి వచ్చి పడుతోంది. ఉస్తాద్‌కు మధ్యలో ఊపిరి పీల్చుకునే వారాలు తగ్గాయి, కేడర్‌కో, ఇంకో కోర్సుకో వెళ్లొచ్చే సందూ తగ్గింది. పైగా ఇప్పుడు అతను వేసే మార్కుకు బరువు పెరిగింది. పాత రిక్రూట్‌కు సెంటర్ మార్కు తక్కువైతే పల్టన్‌లో సర్దుకునేవాడు. అగ్నివీర్‌కు మాత్రం నాలుగేళ్ల అంచనాలో మొదటి రోజు నుంచీ ప్రతిదీ కలుస్తుంది.

దీని అసలు ప్రభావం ఇంకో పదేళ్లకు తెలుస్తుంది. ఇవాళ సెంటర్లలో ఉన్న హవల్దార్లు పాత పద్ధతిలో భర్తీ అయినవాళ్లు. 2030ల మధ్యలో ఆ స్థానానికి రావాల్సింది అగ్నివీరుల్లో మిగిలిన నాలుగో వంతు. అంటే ప్రతి పల్టన్‌లోనూ అనుభవమున్న నాయక్, హవల్దార్ల సంఖ్య తక్కువ, కొత్తగా వచ్చి నాలుగేళ్లలో వెళ్లిపోయే కుర్రాళ్ల సంఖ్య ఎక్కువ. సెంటర్ మాత్రం ఎప్పటిలాగే, బహుశా ఎప్పటికన్నా ఎక్కువగా, మంచి హవల్దార్లను పంపమని అడుగుతుంది. తన దగ్గరున్న నలుగురు గట్టి హవల్దార్లలో ఒకణ్ని రెండేళ్లు వదులుకోమంటే ఆ రోజు సీఓ ఎవరి పేరు రాస్తాడు? మొదటివాడి పేరు రాస్తే సెంటర్ గట్టిపడుతుంది, ఉస్తాద్ పోస్టింగ్ విలువ నిలబడుతుంది. నాలుగోవాడి పేరు రాస్తే రెజిమెంటల్ డ్యూటీతో సమానంగా లెక్కించే నియమం కాగితం మీద అలాగే ఉంటుంది, బోర్డులో కూర్చున్నవాళ్లు ఆ రిపోర్టును చూసే చూపు మారిపోతుంది.